ఊరు పిలిస్తే వచ్చేవాళ్లు
(స్మారక ఉపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ పెద్దాయన గురించి నాకన్నా ముందు మాట్లాడినవారు చెప్పారు. ప్రభుత్వ ఇంజనీరుగా కొలువు చేసి, రిటైరయ్యాక ఇంటి వరండాలో కుర్చీ వేసుకుని, ఎవరు ఇంటి ప్లాను పట్టుకొచ్చినా విప్పి చూసేవారు. మెట్లు ఎక్కడ పెట్టాలో, మురుగునీరు ఎటు పోవాలో చెప్పి పంపేవారు. పైసా ముట్టుకునేవారు కాదు. ఆయన ఒక ఇంటికి చేసిన ఆ పనిని ఒక వృత్తి మొత్తం కలిసి ఒక ఊరికి చేయగలదా? చేసిన చోట్ల ఏం జరిగింది? మన పట్టణాల్లో అలాంటిది ఎందుకు జరగడం లేదు? ఈ పూట నా మాటలన్నీ ఈ ప్రశ్నల చుట్టూనే.

కథ 1967లో మొదలవుతుంది. అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రంలో ర్యాపిడ్ సిటీ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి వాణిజ్య మండలి తరఫున ఒకాయన వాషింగ్టన్ వెళ్లి, అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ ఆఫీసులో తమ ఊరి కష్టాలు చెప్పుకున్నాడు. ఆ సంస్థ ఆర్కిటెక్టుల వృత్తి సంఘం. ఊళ్లకు సలహాలివ్వడం దాని పని కాదు. అయినా నలుగురు నిపుణులను ఆ ఊరికి పంపింది. వాళ్లు వెళ్లారు, తిరిగారు, జనంతో మాట్లాడారు, తోచింది చెప్పి వచ్చారు. ఆ ఒక్క పర్యటన నుంచి ఒక పద్ధతి పుట్టింది. ప్రాంతీయ, పట్టణ రూపకల్పన సహాయ బృందం అని దానికి పేరు పెట్టారు. ఇంగ్లిషు పేరులోని మొదటి అక్షరాలు కలిపి అక్కడివాళ్లు రూడాట్ అంటారు. అప్పటినుంచి 150కి పైగా ఊళ్లు ఆ బృందాలను పిలిపించుకున్నాయి.

ఆ రోజుల్లో అమెరికా నగరాల పరిస్థితి గుర్తు చేసుకుంటే తప్ప ఆ పర్యటన విలువ తెలియదు. 1949 గృహనిర్మాణ చట్టం తర్వాత పట్టణ పునరుద్ధరణ పేరుతో పాత పేటలను బుల్డోజర్లతో చదును చేశారు. పోయినవి ఎక్కువగా నల్లజాతివారి, పేదల ఇళ్లు. ఆ పేటల మీదుగా హైవేలు వెళ్లాయి. గీతలు గీసింది ఆర్కిటెక్టులూ ప్లానర్లే. 1964లో న్యూయార్క్ హార్లెంలో రిచర్డ్ హాచ్ అనే ఆర్కిటెక్ట్ మరికొందరితో కలిసి పేటవాసుల పక్షాన నిలబడే ఒక సంఘం పెట్టాడు. డబ్బున్నవాడికి ఆర్కిటెక్ట్ దొరుకుతాడు, లేనివాడికీ దొరకాలి కదా అన్నది వాళ్ల వాదం. మరుసటి ఏడాదే పాల్ డేవిడాఫ్ అనే ప్లానర్ ఒక వ్యాసం రాసి, కోర్టులో వకీలు కక్షిదారు తరఫున వాదించినట్టు ప్లానర్ కూడా గొంతు లేని వర్గాల తరఫున ప్రణాళిక వేసి వాదించాలన్నాడు.

1968లో పోర్ట్‌లాండ్‌లో ఆర్కిటెక్టుల మహాసభ జరిగింది. ముఖ్య వక్త విట్నీ యంగ్. అర్బన్ లీగ్ అనే పౌరహక్కుల సంస్థకు నాయకుడు. హాలు నిండా ఉన్నది దాదాపు అందరూ తెల్లవాళ్లు. పిలిచినవాళ్లను పొగడటం అతిథి మర్యాద. ఆయన ఆ మర్యాద పాటించలేదు. పౌరహక్కుల పోరాటంలో మీ వృత్తి చేసిందేమీ లేదు, మీ మౌనమే మిమ్మల్ని గుర్తుపట్టే లక్షణం అని మొహం మీదే చెప్పాడు. ఒక వృత్తిని ఉద్దేశించి ఇంత కటువుగా, ఇంత న్యాయంగా మాట్లాడిన ప్రసంగాలు చాలా తక్కువ. మన కాలేజీల్లో మొదటి సంవత్సరం విద్యార్థులకు దాన్ని చదివి వినిపించాలని నా కోరిక.

ఇక రూడాట్ పని ఎలా నడుస్తుందో కొంచెం వివరంగా చెబుతాను. దీని బలమంతా పని తీరులో ఉంది.

ముందు ఊరు అడగాలి. పిలవని పేరంటానికి బృందం వెళ్లదు. అడిగినంత మాత్రాన కూడా రాదు. ఊళ్లో ఒక స్థానిక సంఘం ఏర్పడాలి. అందులో మేయరు మనుషులు, వ్యాపారులు, పేటల సంఘాలు, మేయరంటే పడనివాళ్లు కూడా ఉండాలి. ఆ సంఘం నెలల తరబడి పని చేసి మ్యాపులు, పాత నివేదికలు, లెక్కలు సమకూర్చాలి. ఆ తర్వాతే ఆరుగురి నుంచి పది మంది దాకా నిపుణులు వస్తారు. ఆర్కిటెక్టులు మాత్రమే కాదు. సమస్యను బట్టి ఆర్థికవేత్త, రవాణా నిపుణుడు, సామాజిక శాస్త్రవేత్త, లాయరు, తోటల రూపకర్త కూడా ఉంటారు. అందరూ బయటి ఊళ్లవాళ్లే. దగ్గర్లోని ఆర్కిటెక్చర్ కాలేజీల విద్యార్థులు వాళ్లకు సాయంగా ఉంటారు.

నాలుగైదు రోజుల పని. మొదట ఊరంతా కాలినడకన, బస్సులో తిరిగి చూస్తారు. తర్వాత బహిరంగ సభ. ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. బడి హాల్లోనో, చర్చి హాల్లోనో మైకు పెట్టి, ముసలివాళ్లు, కిరాణా కొట్టువాళ్లు, పిల్లల తల్లులు చెప్పేది బృందం కూర్చుని రాసుకుంటుంది. ఆపై గది తలుపులు మూసుకుని రాత్రీ పగలూ బొమ్మలు గీయడం, వాదులాడుకోవడం, రాయడం. చివరి రాత్రి నివేదిక అచ్చుకు వెళుతుంది. మర్నాడు అదే జనం ముందు బొమ్మలు చూపించి అన్నీ చెప్పేస్తారు. కౌన్సిల్‌కు ఒక మాట, జనానికి ఇంకో మాట ఉండదు. అందరూ ఒకేసారి వింటారు. ఏడాది లోపు ఆ బృందంలోని కొందరు మళ్లీ వచ్చి, చెప్పినవాటిలో ఏమైందో చూసి వెళతారు.

రాకపోకలకు, బసకు, అచ్చుకు ఊరు ఖర్చు పెట్టుకుంటుంది. నిపుణులకు ఫీజు లేదు. దీనికన్నా గట్టి షరతు ఇంకొకటి ఉంది. ఆ పర్యటన వల్ల పుట్టే ఏ కాంట్రాక్టునూ, ఏ డిజైను పనినీ బృందంలోని వారు తీసుకోకూడదు. ముందే ఒప్పుకుంటేనే బృందంలో చోటు.

నా ఉపన్యాసం మొత్తానికి ఈ షరతే ఇరుసు. ఫీజు మానుకోవడం పెద్ద త్యాగం కాదు. చాలామంది నిపుణులు మొదటి సంప్రదింపు ఊరికే ఇస్తారు, తర్వాత పని వస్తుందన్న ఆశతో. ఆ ఆశ ఉన్నంతసేపూ సలహా వంకర తిరుగుతుంది. ఫ్లైఓవరు గీయగలిగినవాడికి ఫ్లైఓవరే కనిపిస్తుంది. మునిసిపాలిటీతో రేపు పని పడుతుందనుకునేవాడు కమిషనర్ ముందు చెరువు కబ్జా మాట ఎత్తడు. రేపటి పని మీద ఆశ లేనివాడే మీ సమస్యకు కొత్త కట్టడం అక్కర్లేదు, ఉన్న రోడ్డు మీద పార్కింగ్ ఆపితే చాలు అని చెప్పగలడు. ఊరికి ఉచిత సలహా దొరకడం కష్టం కాదు. ఏ లాభమూ ఆశించని సలహా దొరకడమే కష్టం.

ఇలాంటి సలహా విన్న ఊళ్లలో ఏమైంది?

పోర్ట్‌లాండ్ నగరం నడిబొడ్డుకు వాయవ్యంగా పాత రైల్వే యార్డులు, గోదాములు పడి ఉండేవి. డౌన్‌టౌన్ ప్రణాళికలో పట్టించుకోకుండా మిగిలిపోయిన మూల అది. 1983లో రూడాట్ బృందం అక్కడికి వచ్చింది. గోదాములు కూల్చనక్కర్లేదు, మనుషులు కాపురం ఉండే పేటగా మార్చొచ్చని బొమ్మలు గీసి చూపించింది. వెంటనే ఏమీ జరగలేదు. పదిహేను ఇరవై ఏళ్లు పట్టింది. 1999లో పేటకు అడ్డుగా ఉన్న లవ్‌జాయ్ ర్యాంపును తీసేశారు. 2001లో వీధి ట్రామ్ నడిచింది. ఈ రోజు దాన్ని పెర్ల్ డిస్ట్రిక్ట్ అంటారు, ప్లానింగ్ పుస్తకాల్లో ఉదాహరణగా చెబుతారు. అంత మార్పును నాలుగు రోజుల బృందం ఖాతాలో వేయడం సరికాదు. నగరపాలక సంస్థ, రైల్వే భూముల యజమానులు, ప్లానింగ్ శాఖలో ఏళ్ల తరబడి కూర్చున్న ఉద్యోగులు చేశారు ఆ పని. బృందం చేసిందల్లా, అంతవరకు ఎవరూ చూడని మూలను చూడదగ్గదిగా చేయడం.

నాష్‌విల్ కథ నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. 1998 ఏప్రిల్ 16న అక్కడ సుడిగాలి విరుచుకుపడి తూర్పు నాష్‌విల్ పాత పేటల్లో ఇళ్లూ చెట్లూ నేలమట్టం చేసింది. తుపానుల దెబ్బ తిన్న మన కోస్తా ఊళ్లవాళ్లకు ఆ మర్నాటి ఉదయం ఎలా ఉంటుందో వివరించనక్కర్లేదు. ఇన్సూరెన్సు డబ్బు వస్తోంది, జనం ఆవేశంలో ఉన్నారు, ఎవరికి తోచినట్టు వాళ్లు కట్టేసుకుంటారు. ఆ దశలో ఊరు ఒక పని చేసింది. 1999లో బృందాన్ని పిలిపించి, పేటల మధ్య తెగిపోయిన బంధాలను, చితికిపోయిన చిన్న దుకాణాల వీధులను, నడక దారులను ఎలా నిలబెట్టాలో అడిగింది. బృందం వెళ్లిపోయాక ఆ నివేదికను అమలు చేయించడానికి పేటవాసులే ఒక సంఘం పెట్టుకున్నారు. నివేదిక బీరువాలో పడిపోకుండా ఏళ్ల తరబడి దాన్ని చేత్తో పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది వాళ్లే.

శాంటా ఫేలో 1995లో నగరం పాత రైల్‌యార్డు భూమి దాదాపు 50 ఎకరాలు కొన్నది. 1997లో రూడాట్‌తో సహా ఆ ఏడాది నడిచిన ప్రక్రియలో ఆరు వేల మందికి పైగా తమ మాట చెప్పారు. 2008లో అక్కడ పార్కు తెరుచుకుంది.

ఇవన్నీ విని ముచ్చటపడి ఊరుకోవడం తప్పు. ఈ పద్ధతి మీద నాకున్న బరువైన అభ్యంతరం చెప్పాలి. పెర్ల్ డిస్ట్రిక్ట్ ఈ రోజు పోర్ట్‌లాండ్‌లో ఖరీదైన పేటల్లో ఒకటి. తూర్పు నాష్‌విల్‌లో కూడా అద్దెలు పెరిగి, పాత కాపురాలు చాలా వెళ్లిపోయాయి. పేట బాగుపడితే ధర పెరుగుతుంది, ధర పెరిగితే ఎవరి కోసం బాగుచేశామో వాళ్లే పోతారు. సలహాదారు ధరలు పెరిగే సమయానికి తన ఊళ్లో ఉంటాడు. కాబట్టి ఇలాంటి ఏ నివేదికలోనైనా, ఇప్పుడున్న అద్దెదారు పదేళ్ల తర్వాత ఎక్కడుంటాడు అన్న ప్రశ్నకు జవాబు ఉండి తీరాలి. లేకపోతే బొమ్మలు ఎంత బాగున్నా ఆ నివేదిక అసంపూర్ణం.

మన దేశంలో ఈ తరహా ఆలోచనకు పాత వేరు ఒకటి ఉంది. స్కాట్లండ్ నుంచి నగర ప్రణాళికాకర్త ప్యాట్రిక్ గెడ్డెస్ మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లండ్ పిలుపు మీద 1914లో వచ్చాడు. నగరాల గురించి ఆయన జీవితమంతా కూడబెట్టిన ప్రదర్శన క్లాన్ గ్రాంట్ అనే ఓడలో వస్తోంది. అంతకు ముందు నెలలో మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ నౌక ఎండెన్, ఆ ఓడను సముద్రంలో ముంచేసింది. స్నేహితులు మళ్లీ బొమ్మలూ పటాలూ పోగుచేసి పంపితే 1915లో మద్రాసులో ప్రదర్శన పెట్టాడు. గెడ్డెస్ స్వచ్ఛంద సేవకుడు కాదు, ఫీజు తీసుకునే పనిచేశాడు. కానీ ఆయన నేర్పిన నడక ఈ నాటి బృందాలకు దారి చూపుతోంది. రోగిని చూడకుండా మందు రాయకూడదన్నాడు. మునిసిపల్ ఇంజనీర్లు పాత పేటల గుండా తిన్నని రోడ్లు గీసి ఇళ్లు కూల్చబోతే, సందు సందూ తిరిగి, ఇక్కడ ఒక పాడుబడిన గోడ తీసేయండి, అక్కడ ఒక చెట్టు కింద నాలుగు గజాలు వదలండి, సగం డబ్బు కూడా అక్కర్లేదు అని చూపించేవాడు.

ఇండోర్‌లో ఆయన చేసిన పని చెప్పకుండా ఉండలేను. ఊళ్లో ప్లేగు. జనానికి ఆయనంటే భయం. ఇళ్లు కూల్చే దొర వచ్చాడని తిట్టుకునేవారు. మహారాజు అనుమతితో దీపావళి ఊరేగింపును తన చేతికి తీసుకున్నాడు. ఊరేగింపు ఏ వీధి గుండా వెళ్లాలన్నది ఆనవాయితీని బట్టి కాకుండా, ఏ వీధివాళ్లు ఇళ్లు ఎక్కువ బాగుచేసుకుని ఊడ్చుకున్నారో దాన్ని బట్టి అని చాటింపు వేయించాడు. చెత్త ఉచితంగా బండ్ల మీద తరలిస్తామన్నాడు. ఊరు ఊరంతా బూజు దులిపింది. ఊరేగింపులో రాక్షసుల బొమ్మలతో పాటు ప్లేగు ఎలుక, మలేరియా దోమ బొమ్మలు నడిచాయి. వాటి వెనక తెల్లని బట్టలు కట్టుకుని, మెడలో పూలదండలతో పాకీ పనివాళ్లు గౌరవంగా నడిచారు. చివర ఇండోర్ నగర దేవత. ఆ తర్వాత ఆయన ఏ వీధికి వెళ్లినా తలుపులు తెరుచుకున్నాయి. ఊరు తనది అనుకున్న తర్వాతే ఊరు సలహా వింటుంది.

మన కాలానికి వస్తే, కేరళలో 1996 ఆగస్టులో మొదలైన ప్రజా ప్రణాళిక ఉద్యమం ఉంది. రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇచ్చారు. గ్రామసభల్లో కోరికలు వెల్లువెత్తాయి. పంచాయతీలు ప్రాజెక్టులు రాసుకొచ్చాయి. చూస్తే చాలావాటిలో అంచనా సరిగా లేదు, సాంకేతిక వివరం లేదు. అప్పుడు ప్రభుత్వం రిటైరైన ఇంజనీర్లను, డాక్టర్లను, అధ్యాపకులను, వ్యవసాయాధికారులను పిలిచి స్వచ్ఛంద సాంకేతిక దళం ఏర్పాటు చేసింది. వేల మంది ముందుకొచ్చారు. బ్లాకు స్థాయిలో కూర్చుని ప్రాజెక్టులు సరిదిద్దారు. వాళ్ల పని ఎంపిక చేయడం కాదు. ఏం కావాలో గ్రామసభ చెబుతుంది, అది నిలబడేలా ఎలా చేయాలో వీళ్లు చెబుతారు. ఆ హద్దు దాటితే నిపుణుడు పెత్తందారు అవుతాడు. కేరళ అనుభవంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఆ హద్దే.

ఇక మన ఇంటి సంగతి. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. దాంతో చేరిన పన్నెండో షెడ్యూల్లో మొదటి అంశమే పట్టణ ప్రణాళిక. అంటే ఆ పని పట్టణ ప్రజల పని. ఇప్పుడు ఒక మునిసిపల్ ఆఫీసు వరండాలోకి నాతో రండి. గోడకు ముసాయిదా మాస్టర్ ప్లాన్ మ్యాపు అంటించి ఉంది. పసుపు రంగు నివాస జోన్, ఊదా రంగు పారిశ్రామిక జోన్, ఆకుపచ్చ గ్రీన్ జోన్. నల్ల గీతలు వంద అడుగుల రోడ్లు. సర్వే నంబర్లు చీమల బారులా ఉన్నాయి. పక్కనే నోటీసు: అభ్యంతరాలు, సూచనలు ఫలానా తేదీ లోపు లిఖితపూర్వకంగా ఇవ్వాలి. పట్టాదారు పాసుపుస్తకం చేతిలో పెట్టుకుని ఒక రైతు ఆ మ్యాపులో తన పొలం వెతుక్కుంటున్నాడు. చూపించేవాళ్లు లేరు. టౌన్‌ప్లానింగ్ సెక్షన్‌లో ఉన్నది ఇద్దరో ముగ్గురో, వాళ్లకు బిల్డింగ్ పర్మిషన్ల ఫైళ్లే తెమలవు. పక్కనున్న కుర్రాడు ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసి చూపిస్తాడు. నంబరు ఊదా రంగులో ఉంది. అక్కడి నుంచి పుకారు మొదలవుతుంది.

2023 జనవరిలో కామారెడ్డిలో ఇదే రోడ్డెక్కింది. తమ పంట భూములను పారిశ్రామిక జోన్‌లో చూపారని చుట్టుపక్కల గ్రామాల రైతులు కలెక్టరేట్ ముందు ఆందోళన చేశారు. అప్పటికే ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. చివరికి మునిసిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. అదే నెలలో జగిత్యాలలోనూ ముసాయిదా వెనక్కి వెళ్లింది. రైతులది న్యాయమైన భయం. ఒకసారి జోన్ మారితే ఆ భూమి అమ్మాలన్నా, బ్యాంకులో పెట్టాలన్నా, పిల్ల పెళ్లికి ఎకరం తీయాలన్నా ఆ రంగు అడ్డొస్తుంది. కానీ ముసాయిదా రద్దుతో ఊరి సమస్య తీరలేదు. లేఅవుట్లు వెలుస్తూనే ఉంటాయి, వాగు మీద ప్లాట్లు పడుతూనే ఉంటాయి. మ్యాపు గోడకెక్కక ముందే, గీత గీయక ముందే, ఆ గ్రామాల్లో రచ్చబండ దగ్గర నిపుణులు కూర్చుని ఉంటే? రైతు తన పొలం గురించి చెప్పేది విని, రోడ్డు ఎందుకు కావాలో వాళ్లు చెప్పి ఉంటే?

మనకు నిపుణుల కొరత లేదు. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. విజయవాడలో 2008 నుంచి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆర్కిటెక్చర్ విభాగం ఉంది. వృత్తి సంఘాలకు రెండు రాష్ట్రాల్లో శాఖలున్నాయి. పట్టణ ప్రణాళిక శాఖ డీటీసీపీలో, నగరాభివృద్ధి సంస్థల్లో పని చేసి రిటైరైన అనుభవజ్ఞులు ఉన్నారు. జిల్లా పట్టణాల్లో పుట్టి హైదరాబాదులోనో, బెంగళూరులోనో ప్రాక్టీసు పెట్టుకున్న యువకులు తమ ఊరికి ఏదైనా చేయాలని ఉందని నాతోనే అంటారు. ఆ మంచి మనసుకు నేను దండం పెడతాను. అయినా వాళ్లు తమ సొంత ఊరి బృందంలో ఉండకూడదంటాను. తమ ఊరిలో బంధువులుంటారు, భూములుంటాయి, పాత పగలుంటాయి. నల్గొండ అబ్బాయి శ్రీకాకుళం వెళ్లాలి, శ్రీకాకుళం అమ్మాయి ఆదిలాబాదు రావాలి.

అలాగే ఊళ్లో ఇళ్ల ప్లాన్ల మీద సంతకాలు పెట్టే లైసెన్స్‌డ్ సాంకేతిక నిపుణులను ఈ బృందంలో కూర్చోబెట్టకూడదు. వాళ్లను తక్కువ చేయడం లేదు. రోజూ ఏ కౌంటర్‌లో ఫైలు పెట్టాలో, అదే కౌంటర్ తప్పు ఎత్తి చూపమని ఒక మనిషిని అడగడం అన్యాయం. వాళ్లు స్థానిక సంఘంలో ఉండి తమకు తెలిసింది చెప్పాలి. ఊరిలో ఏ కాలవ ఎక్కడ పూడిందో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఒక్క పట్టణంతో మొదలుపెడదాం. లక్ష లోపు జనాభా, ముసాయిదా ఇంకా ప్రకటించని పట్టణం. కౌన్సిల్ తీర్మానం చేసి పిలవాలి. ఆ తీర్మానం మీద ప్రతిపక్ష సభ్యుల సంతకాలూ ఉండాలి. విలీనమైన గ్రామాల నుంచి, కౌలు రైతుల నుంచి, తోపుడు బండ్ల వాళ్ల నుంచి, డ్వాక్రా సంఘాల నుంచి మనుషులు స్థానిక సంఘంలో ఉండాలి. బృందంలో ఆర్కిటెక్టుతో పాటు చెరువులూ వాగులూ తెలిసిన ఇంజనీరు, భూమి చట్టాలు తెలిసిన లాయరు తప్పనిసరి. మన దగ్గర సగం గొడవ చెరువు నిండు నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) గీత ఎక్కడన్నదే. విద్యార్థులు పది రోజులు ముందే వెళ్లి వార్డు వార్డూ తిరిగి మ్యాపు మీద గుర్తులు పెట్టాలి. బహిరంగ సభ మధ్యాహ్నం పూట పెట్టకూడదు. కూలికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చాక, రాత్రి ఏడు తర్వాత పెట్టాలి. నివేదిక తెలుగులో రావాలి. అందులో ప్రతి సర్వే నంబరు చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఒక కాపీ శాఖా గ్రంథాలయంలో, ఒక్కొక్కటి ప్రతి వార్డు ఆఫీసులో ఉండాలి.

బృందంలోని ప్రతి ఒక్కరూ ఐదేళ్ల పాటు ఆ పట్టణంలో ఏ పనీ తీసుకోబోమని, వాళ్ల సంస్థలూ తీసుకోవని రాసి ఇవ్వాలి. ఆ కాగితాన్ని సభలో చదివి వినిపించాలి. ఏడాది తర్వాత బృందం తిరిగి వచ్చే తేదీని మొదటి సభలోనే ప్రకటించాలి. ఆ రోజు అదే హాల్లో, అదే జనం ముందు, చెప్పిన ప్రతి అంశం చదివి, అయిందా లేదా, కాకపోతే ఎవరి దగ్గర ఆగింది అని అడగాలి.

ఈ స్మారక నిధి నుంచి ఏటా ఒక ఉపన్యాసానికి ఖర్చవుతోంది. ఒక బృందం ప్రయాణానికి, నాలుగు రోజుల భోజనానికి, తెలుగు నివేదిక అచ్చుకు సరిపడా మొత్తాన్ని వచ్చే ఏటి నిధి నుంచి పక్కన పెట్టమని నిర్వాహకులను కోరుతున్నాను. అవసరమైతే వచ్చే ఏడాది ఉపన్యాసం ఆపండి. బృందంలో చేరదలచినవారు, ఐదేళ్ల షరతు ఒప్పుకునేవారు, ఈ సభ ముగిశాక వేదిక పక్కన ఉన్న పుస్తకంలో పేరు రాయండి. నా పేరు రాసి ఉంచాను.